అన్ని రోగాలకూ ఒకటే మందు: రీట్రైనింగ్

క్లినికల్ ట్రయల్స్‌లో పనిచేసేవాళ్లందరికీ ఒక ఈమెయిల్ బాగా పరిచయం. అన్ని ఆసుపత్రుల శాంపిళ్లనూ ఒకచోట పరీక్షించే సెంట్రల్ ల్యాబ్ నుంచి వస్తుంది. మీరు పంపిన శాంపిల్ పరీక్షకు పనికిరాలేదు అని ఒక లైను, పక్కన కారణం: హీమోలైజ్ అయింది (ఎర్రకణాలు పగిలిపోయాయి), లేదా చాలినంత లేదు, లేదా ట్యూబు మీది నంబరూ ఫారం మీది నంబరూ కలవలేదు, లేదా దారిలోనే కరిగిపోయింది. ఆ తర్వాతి తతంగం అందరికీ కంఠతా వచ్చు. సైట్, అంటే ట్రయల్ జరిగే ఆసుపత్రి, ఒక డీవియేషన్ (నియమం తప్పామన్న రికార్డు) నమోదు చెయ్యాలి. మూలకారణం గడిలో "సిబ్బందికి అవగాహన లోపం" అని రాస్తారు. దిద్దుబాటు గడిలో "సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇచ్చాం" అని రాస్తారు. ట్రైనింగ్ లాగ్ మీద అందరూ సంతకాలు పెడతారు, ఫైలు మూసేస్తారు. కొన్నాళ్లకు అదే విజిట్‌లో, అదే ట్యూబు, అదే కారణంతో మళ్లీ వెనక్కొస్తుంది. మళ్లీ శిక్షణ.

నేను కొన్నేళ్లు సైట్‌లో ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌గా చేసి, తర్వాత స్పాన్సర్ (ట్రయల్ నడిపించే కంపెనీ) తరఫున సైట్‌లను తనిఖీ చేసే మానిటర్‌గా అటువైపు వెళ్లినదాన్ని. ఆ ఫారం నింపిన చేయీ నాదే, నింపించిన చేయీ నాదే. రెండు వైపులా చూశాక నాకు తేలిందేమిటంటే, పాడైన శాంపిళ్లలో చాలావాటి కథ రక్తం తీసిన గదిలో మొదలవదు. షెడ్యూలు గీసిన టేబుల్ దగ్గర మొదలవుతుంది. అక్కడి తప్పుకు ఇక్కడివాళ్లకు ఎన్నిసార్లు పాఠం చెప్పినా ఒరిగేదేమీ ఉండదు.

ఇది సైట్ వాళ్లను వెనకేసుకురావడం అనుకునేవాళ్లు ఉంటారు. ఒక మామూలు పీకే రోజును తీసుకుని లెక్కేసి చూపిస్తాను, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

పీకే అంటే, మందు ఒంట్లోకి వెళ్లాక రక్తంలో ఏ సమయానికి ఎంత ఉందో కొలవడం. డోసు ఉదయం 9:00కి అనుకోండి. దానికి ముందు, 8:45కి, మూడు రకాల ట్యూబులు తియ్యాలి. పీకే కోసం, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న ఊదారంగు మూత ట్యూబు, బయోమార్కర్ (రక్తంలో కొలిచే జీవసూచిక) కోసం పసుపు మూత సీరం ట్యూబు, రోగనిరోధక కణాలను వేరుచెయ్యడానికి సీపీటీ ట్యూబు. పీకే ట్యూబును వెంటనే ఐస్‌లో గుచ్చి, 30 నిమిషాల్లోపు 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో (రక్తాన్ని గిర్రున తిప్పి ద్రవాన్ని కణాల నుంచి వేరుచేసే మిషన్‌లో) తిప్పాలి. సీరం ట్యూబును ఐస్ దరిదాపుల్లోకి కూడా పోనివ్వకూడదు; గది ఉష్ణోగ్రతలో అరగంట నిలబెట్టి, రక్తం పూర్తిగా గడ్డకట్టాక, తీసిన గంటలోపు తిప్పాలి. సీపీటీని రెండు గంటల్లోపు, అదీ గది ఉష్ణోగ్రతలోనే, 20 నుంచి 30 నిమిషాల పాటు తిప్పాలి. శాంపిళ్లు ఎలా తియ్యాలో చెప్పే ల్యాబ్ మాన్యువల్‌లో ఒక్కొక్కదానికి ఒక్కో పేజీ ఉంటుంది. ఏ పేజీకి ఆ పేజీ చదివితే అంతా సబబుగానే ఉంటుంది.

ఇప్పుడు అన్ని పేజీలూ ఒక గదిలోకి తెండి. 8:45 పీకే ట్యూబు 9:15లోపు తిరగాలి. 9:15కి రెండో పీకే, అది 9:45లోపు. 9:30కి మూడోది, 10:00లోపు. 10:00కి నాలుగోది, 10:30లోపు. సీరం తిరగాల్సింది 9:15కూ 9:45కూ మధ్య. ఆ సమయానికి సెంట్రిఫ్యూజ్ 4 డిగ్రీల దగ్గరుంది. దాన్ని గది ఉష్ణోగ్రతకు తెచ్చి, సీరం తిప్పి, మళ్లీ 4 డిగ్రీలకు దించేలోపు ఐస్‌లో ఒక పీకే ట్యూబు గడువు కోసం కొట్టుకుంటూ ఉంటుంది. అంతా నిమిషం తేడా లేకుండా జరిగితే గట్టెక్కుతాం. కానీ ఒకసారి సిర దొరకదు. ఒకసారి ట్యూబుకు జోడుగా పెట్టడానికి సమాన బరువున్న ఇంకో ట్యూబు ఉండదు, నీళ్లు పోసి ఒకటి తయారుచేసుకోవాలి. పైగా ప్రొటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో చెప్పే పత్రం) అదే 9:15కి ఈసీజీ, బీపీ కూడా అడుగుతుంది. ఈసీజీకి ముందు పేషెంట్ కొంతసేపు కదలకుండా పడుకోవాలి, సూది గుచ్చిన వెంటనే తీస్తే గుండె వేగం మారిపోతుంది. అంటే ఈసీజీ ముందు, రక్తం తర్వాత. రెండూ 9:15కే అని రాసినాయనకు చేతులెన్నో తెలీదు. ఇక అదే రోజు రెండో పేషెంట్ డోసు 9:30కి ఉంటే, కోఆర్డినేటర్ తల ప్రాణం తోకకొస్తుంది.

ఇంతకీ ఆ సైట్‌లో సెంట్రిఫ్యూజ్ ఒకటే. ట్రయల్ మొదలవడానికి ముందు సైట్‌ను చూడ్డానికి వచ్చినవాళ్లు "చల్లబరిచే సెంట్రిఫ్యూజ్ ఉందా?" అని అడిగారు. ఉంది అన్నారు. టిక్కు పెట్టుకుని వెళ్లారు. "ఒకే సమయంలో రెండు ఉష్ణోగ్రతల్లో తిప్పగలరా?" అన్న ప్రశ్న ఆ ఫారంలో లేదు.

ఇలాంటి రోజు 9:30 ట్యూబు 10:04కి తిరిగిందనుకోండి. డీవియేషన్. మూలకారణం? అవగాహన లోపం! ఆ గదిలో ఆ రోజు అందరికన్నా ఎక్కువ అవగాహన ఉన్న మనిషి చేత ఆ మాట రాయిస్తాం.

సెంట్రిఫ్యూజ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక పిడకలవేట. ఇప్పటికీ కొన్ని మాన్యువళ్లలో "3000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు" అని ఉంటుంది. ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఎన్ని చుట్లు అన్నదే. ట్యూబులోని రక్తం మీద పడే బలం, అంటే ఆర్‌సీఎఫ్, రోటర్ వ్యాసార్థాన్ని బట్టి కూడా మారుతుంది. సెంటీమీటర్లలో వ్యాసార్థాన్ని ఆర్‌పీఎం వర్గంతో గుణించి, దాన్ని 0.00001118తో గుణిస్తే ఆర్‌సీఎఫ్ వస్తుంది. 10 సెంటీమీటర్ల రోటర్‌లో 3000 ఆర్‌పీఎం అంటే దాదాపు 1000 జీ, అంటే భూమ్యాకర్షణకు వెయ్యి రెట్లు. 16 సెంటీమీటర్ల రోటర్‌లో అదే 3000 అంటే 1600 జీ. ఒక సైట్‌లో ప్లాస్మాలో ఇంకా ప్లేట్‌లెట్లు తేలుతుంటాయి, ఇంకో సైట్‌లో శుభ్రంగా వస్తుంది. రెండూ మాన్యువల్ చెప్పినట్టే చేశాయి. మాన్యువల్‌లో 'జీ' అని ఒక్క అక్షరం రాస్తే సరిపోయేదానికి సైట్‌లకు శిక్షణ ఇస్తూ కూర్చుంటాం.

ల్యాబ్ తప్పుల్లో ఎక్కువ భాగం మిషన్ దాకా రాకముందే జరుగుతాయన్నది కొత్త సంగతేమీ కాదు. ఇటలీలోని పాడువాలో ఆసుపత్రి ల్యాబ్ మీద ప్లెబానీ, కరారో చేసిన అధ్యయనం 1997లో వచ్చింది. వాళ్లు పట్టుకున్న తప్పుల్లో 68 శాతం పరీక్షకు ముందు దశలోవి. పరీక్ష చేసేటప్పటివి 13 శాతం. పదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే ముందు దశ తప్పులు 62 శాతం దగ్గర ఉన్నాయి. మిషన్లు ఎంత బాగుపడినా సూదికీ మిషన్‌కూ మధ్యనున్న దారి పెద్దగా మారలేదన్నమాట. ట్రయల్‌లో ఆ దారి ఇంకా పొడవు. సూది ఒక దేశంలో, మిషన్ ఇంకో దేశంలో ఉంటాయి.

హీమోలైసిస్‌నే తీసుకోండి. ఎర్రకణాలు పగిలి లోపలిదంతా బయటికొస్తే పొటాషియంతోపాటు ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అనే ఎంజైములు కూడా పెరిగినట్టు కనిపిస్తాయి. ట్యూబును గట్టిగా ఊపారా, సన్న సూది వాడారా, టూర్నికే (చేతికి బిగించే పట్టీ) ఎక్కువసేపు ఉంచారా అని అడుగుతాం. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. కానీ ఒక పెద్ద కారణం ఐవీ క్యానులా (సిరలోనే ఉంచేసే సన్నని గొట్టం) నుంచి రక్తం లాగడం. నేరుగా సూదితో తీసినదానికన్నా క్యానులా నుంచి తీసినప్పుడు హీమోలైసిస్ ఎక్కువని ఎప్పట్నుంచో తెలుసు. మరి క్యానులా ఎందుకు పెట్టారు? నాలుగు గంటల్లో పదిసార్లు గుచ్చితే పేషెంట్ ఊరుకోడు కాబట్టి. పదిసార్లు తియ్యమన్నదెవరు? షెడ్యూలు. క్యానులా అన్నాక ప్రతిసారీ సెలైన్ కలిసిన మొదటి రెండు మూడు మిల్లీలీటర్లు పారబొయ్యాలి. ఆ పారబోసిన రక్తం ఎన్నో కన్సెంట్ ఫారాల్లో చెప్పే "మొత్తం ఇంత రక్తం తీస్తాం" అన్న లెక్కలో కనబడదు.

తిరస్కరించిన శాంపిల్ గురించి ఇంత గొడవ పడతాం గానీ, నన్నడిగితే అది నయం. చెడిపోయిందని అందరికీ తెలిసింది, దాన్ని ఎవరూ నమ్మరు. నాకు భయం వేసేది, చెడిపోయి కూడా చక్కగా కనబడుతూ దర్జాగా డేటాబేస్‌లోకి వెళ్లిపోయే శాంపిల్‌తోనే. మందును ఎడమచేతికి ఎక్కిస్తూ అదే చేతి నుంచి పీకే తీస్తే, కొలిచేది ఒంట్లో మందును కాదు, ట్యూబింగ్‌లో మందును. అంకె మాత్రం నీటుగా వస్తుంది. విడదియ్యని రక్తాన్ని టేబుల్ మీద వదిలేస్తే కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గుతుంది. దాన్ని ఆపడానికి వాడే ఫ్లోరైడ్ ట్యూబులో వేసినా మొదటి గంటా రెండు గంటలు అది పూర్తిగా ఆగదు. గుండ్రంగా 90 అని రిపోర్టు వస్తే అందులో ఎంత టేబుల్ మీద పోయిందో ఎవరు చెప్పాలి? మంచు పట్టని ఫ్రీజర్లు ఇంకో మాయ. అవి మంచు పేరుకోకుండా ఉండటానికి తమను తామే అప్పుడప్పుడు వేడిచేసుకుంటాయి. ఇంట్లో వాడుకోవడానికి బాగుంటుంది. మైనస్ 20 దగ్గర నెలల తరబడి ఉంచిన ప్లాస్మాకు మాత్రం అది మెల్లగా కరిగించి మళ్లీ గడ్డకట్టించడమే. తలుపు మీద రోజుకోసారి చూసి రాసే అంకె ఎప్పుడూ మైనస్ 20గానే ఉంటుంది.

అప్పుడప్పుడు ఇలాంటి అబద్ధపు అంకె పట్టుబడుతుంది, అదీ అర్ధరాత్రి. సీరం ట్యూబులో రక్తం కాస్త తక్కువ పడిందని, ఈడీటీఏ ట్యూబులోంచి కొంచెం వంచారనుకోండి. ఆ ఈడీటీఏలో ఉన్నది పొటాషియం లవణం, కాల్షియాన్ని పట్టేసుకోవడమే దాని పని. రిపోర్టులో పొటాషియం ఆకాశంలో, కాల్షియం పాతాళంలో ఉంటాయి. ఆ అంకెలున్న మనిషి లేచి నడవలేడు. సెంట్రల్ ల్యాబ్ అలర్ట్ పంపుతుంది, డాక్టర్ పేషెంట్‌కు ఫోన్ చేస్తాడు, ఇల్లంతా టెన్షన్. తీరా పేషెంట్ నిక్షేపంగా భోజనం చేసి పడుకుని ఉంటాడు. ఈ ఒక్క విషయంలో శిక్షణ నిజంగా పనిచేస్తుంది. ట్యూబుల వరస ఎందుకలా ఉంటుందో, సిట్రేట్ ముందు, సీరం తర్వాత, హెపారిన్, ఆపై ఈడీటీఏ, చివర ఫ్లోరైడ్ అని ఎందుకంటారో, ఈ కథ చెబితే నర్సులు ఇక మరిచిపోరు. పోస్టర్ చూసి నేర్చుకున్నది మాత్రం మరిచిపోతారు.

అలాగే సైట్‌లు చేసే అసలైన తప్పులు లేవని నేననను. సిట్రేట్ ట్యూబును సగమే నింపుతారు. రక్తం తొమ్మిది పాళ్లు, సిట్రేట్ ఒక పాలు ఉండాల్సిన చోట లెక్క తప్పి, గడ్డకట్టే సమయం ఎక్కువ చూపిస్తుంది. గడువు తీరిన ట్యూబు వాడతారు, లోపల వాక్యూమ్ తగ్గిపోయి రక్తం సరిగా లాగదు. ఇద్దరు పేషెంట్ల లేబుళ్లు ముందే అతికించిపెట్టుకుంటారు, అక్కడ తారుమారవుతుంది. కొత్తగా చేరిన అమ్మాయికి పాతవాళ్లు హడావుడిగా నాలుగు ముక్కలు చెప్పి వదిలేస్తారు. అయితే వీటిలో కూడా కొంచెం తవ్వితే పైవాళ్ల చెయ్యి తగులుతుంది. గడువు తీరిన ట్యూబు స్టోర్‌లో ఎందుకుంది? పేషెంట్లు చేరినా చేరకపోయినా కిట్లు వాటంతటవే వచ్చిపడేలా సిస్టమ్‌లో పెట్టారు కాబట్టి. ఒక విజిట్‌కు ఒక కిట్, ఒక్కో కిట్‌కు ఒక్కో గడువు, అన్ని పెట్టెలూ ఒకే తెలుపు. స్టోర్‌రూమ్‌లో నేల కనబడదు. గడువు తీరిన కిట్లను లెక్కపెట్టి పారెయ్యడం కూడా కోఆర్డినేటర్ నెత్తినే.

ఇప్పుడు అన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయం: టైము రాయడం. మానిటర్‌గా పీకే లాగ్‌లు తిరగేసేటప్పుడు కొన్ని సైట్‌లలో అన్ని టైములూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. 9:15, 9:30, 10:00, 11:00, 13:00. ప్రతి పేషెంట్‌కూ, ప్రతి రోజూ. మనుషుల చేతులు అలా పనిచెయ్యవు. ఇంకో సైట్‌లో 9:17, 9:34, 10:06 అని ఉంటాయి. మొదటి సైట్‌కు మెచ్చుకోలు, రెండో సైట్‌కు క్వెరీలు (వివరణ అడిగే ప్రశ్నలు) వెళ్తాయి. నిజానికి పీకే విశ్లేషణ చేసే నిపుణుడికి కావలసింది రెండో లాగ్. లెక్కలో అసలు ఎప్పుడు తీశారో ఆ టైమే వాడతారు, ఎప్పుడు తియ్యాలనుకున్నారో అది కాదు. రక్తంలో మందు వేగంగా పెరుగుతున్న దశలో ఆరు నిమిషాలంటే చాలా తేడా. 10:06కి తీసి 10:06 అని రాస్తే ఆ చుక్క గ్రాఫ్ మీద సరైన చోట కూర్చుంటుంది. 10:06కి తీసి 10:00 అని రాస్తే తప్పుడు చోట కూర్చుని, మందు త్వరగా ఎక్కుతుందని నమ్మిస్తుంది. నిజం రాసినవాడికి డీవియేషన్, గుండ్రంగా రాసినవాడికి శభాష్ అన్న పద్ధతి పెట్టి, పైనుంచి నిజాయితీ గురించి స్లైడ్లు చూపిస్తే ఎవరు వింటారు? రీట్రైనింగ్ చేసే అసలు నష్టం ఇదే. ఉత్త కాలయాపన అయితే భరించవచ్చు. అది జనాలకు ఏ అంకె రాస్తే గొడవుండదో నేర్పుతుంది.

ఇంకో చిన్న సంగతి. గోడ గడియారం, ఈసీజీ మిషన్, ఇన్‌ఫ్యూజన్ పంపు, కోఆర్డినేటర్ ఫోన్, ఈ నాలుగూ ఒకే టైము చూపించే సైట్ నాకు అరుదుగా తగిలింది. పొద్దున్నే నాలుగూ సరిచెయ్యడం రెండు నిమిషాల పని. ఏ మాన్యువల్‌లోనూ చెప్పరు.

కొరియర్ సంగతికొస్తే ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిన బాధే. డ్రై ఐస్ మైనస్ 78.5 డిగ్రీల దగ్గర నేరుగా వాయువైపోతుంది. పెట్టెను గాలి చొరబడకుండా బిగిస్తే పేలే ప్రమాదం ఉంది, అందుకే ఆవిరి పోవడానికి దారి ఉండాలి, ఎన్ని కిలోలు వేశామో బయట రాయాలి, డ్రై ఐస్‌కు యూఎన్ 1845 గుర్తు, శాంపిళ్లకు యూఎన్ 3373 గుర్తు, మూడు పొరల ప్యాకింగ్. ఇదంతా నేర్చుకోవచ్చు. నేర్చుకోలేనిది క్యాలెండర్. సజీవ కణాలు కావాలంటే రక్తం ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్ చేరాలి. ల్యాబ్‌కు శని, ఆదివారాలు సెలవు. అంటే గురువారం మధ్యాహ్నం నుంచి ఆ విజిట్ చెయ్యడానికి లేదు. విజిట్ విండో చూస్తే ఒక రోజు ముందు, ఒక రోజు వెనక. పేషెంట్ డే 15 శుక్రవారం పడితే, గురువారం పొద్దున్న తప్ప దారి లేదు. ఆ పొద్దున్న ఆయనకు కుదరకపోతే? విజిట్ డీవియేషనో, శాంపిల్ డీవియేషనో, ఏదో ఒకటి ఎంచుకోవాలి. డోసు మొదటి రోజు వారంలో ఏ రోజున పడుతుందో చూసుకుని షెడ్యూలు గీస్తే ఈ చిక్కు ముందే కనబడుతుంది. చూసేవాళ్లు తక్కువ.

అసలు ఈ ట్యూబులన్నీ ఎందుకు? ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. మందు భద్రతకూ, ప్రధాన ఫలితానికీ కావలసిన శాంపిళ్లు ఉంటాయి, వాటి మీద పేచీ లేదు. వాటి వెనకాల "అన్వేషణాత్మక బయోమార్కర్లు" అని ఒక వరస, "భవిష్యత్ పరిశోధన కోసం" అని ఇంకో వరస తగిలిస్తారు. సమావేశంలో ప్రతి విభాగానికీ ఒక ట్యూబు కావాలి, కాదనేవాడుండడు. ఎవరు, ఏ పరీక్ష, ఎప్పుడు చేస్తారని అడిగితే "తర్వాత చూద్దాం" అంటారు. ఫ్రీజర్‌లో ఏళ్ల తరబడి పడుండి, ఎవరూ తెరవకుండానే నాశనం చేసిన పెట్టెలను నేను చూశాను. సైన్స్‌కు ఎప్పుడు ఏది అవసరమవుతుందో తెలియదు కదా అంటారు. ఆ మాటలో నిజముంది. పాత ట్రయల్స్‌లో దాచిన శాంపిళ్ల నుంచి, ఏ రోగికి ఏ మందు పనిచేస్తుందో తర్వాత తేలిన సందర్భాలున్నాయి. కానీ అలా తేలాలంటే ఆ దాచినది సరిగ్గా దాచి ఉండాలి. పనికొచ్చే పది ట్యూబుల టైము తినేసి, అన్నిటినీ అరకొరగా మార్చే ఇరవై ట్యూబుల వల్ల భవిష్యత్తుకూ లాభం లేదు.

పైగా రక్తం ఊరికే రాదు, ఒక మనిషి ఇస్తున్నాడు. పిల్లల ట్రయల్స్‌లో ఈ లెక్క కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. యూరోపియన్ కమిషన్ 2008లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం, ట్రయల్ కోసం తీసే రక్తం నాలుగు వారాల్లో పిల్లవాడి మొత్తం రక్తంలో 3 శాతం, ఒక్కసారిగా 1 శాతం దాటకూడదు. పది కిలోల బిడ్డకు ఒంట్లో ఉండేది 800 నుంచి 900 మిల్లీలీటర్లు. అంటే ఒకసారికి ఎనిమిదీ తొమ్మిదీ, నెలకు పాతికకు అటూ ఇటూ. పెద్దవాళ్ల ట్యూబులు రెండు నింపితే ఆ పూట కోటా అయిపోతుంది. అలాంటి చోట ప్రతి మిల్లీలీటర్‌కూ వాదించుకుని, చిన్న ట్యూబులు తెచ్చి, రెండు పరీక్షలు ఒకే శాంపిల్‌లో సర్దుతారు. అంటే చెయ్యడం చేతకాక కాదు. పెద్దవాళ్ల విషయంలో ఎవరూ ఒత్తిడి చెయ్యరు, అంతే.

ఇచ్చినదాన్ని దేనికి వాడతారన్నదీ ఇందులో భాగమే. అమెరికాలో హవసుపాయ్ తెగవాళ్లు 1990ల్లో డయాబెటిస్ పరిశోధన అనుకుని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. అదే రక్తం మీద స్కిజోఫ్రేనియా, రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు, ఆ తెగ పూర్వం ఎక్కణ్నుంచి వలస వచ్చిందన్న అధ్యయనాలు జరిగాయని వాళ్లకు తర్వాత తెలిసింది. కోర్టుకెళ్లారు. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లకు రాజీపడి, మిగిలిన శాంపిళ్లు వెనక్కిచ్చింది. ఇప్పటి కన్సెంట్ ఫారాల్లో భవిష్యత్ పరిశోధనకు వేరే గడి, వేరే సంతకం ఉంటున్నాయి. మంచిదే. కానీ ఆ గడిలో "వద్దు" అన్న పేషెంట్‌కు కూడా అదే కిట్ వస్తుంది, అందులో ఆ ట్యూబు ఉంటుంది. వద్దన్న ట్యూబును గుర్తుపెట్టుకుని పక్కన పెట్టాల్సింది హడావుడిలో ఉన్న కోఆర్డినేటర్. మరిచిపోయి తీస్తే? సమ్మతి ఉల్లంఘన, చాలా పెద్ద విషయం. దానికీ మందు మనకు తెలిసిందే!

నియమాలు నా పక్షానే ఉన్నాయి. ట్రయల్స్‌కు అంతర్జాతీయ మార్గదర్శకమైన ఐసీహెచ్ ఈ6 రెండో సవరణ 2016లోనే స్పాన్సర్‌కు స్పష్టంగా చెప్పింది: ట్రయల్ ఆచరణలో సాధ్యమయ్యేలా ఉండాలి, అనవసరమైన సంక్లిష్టత, పరీక్షలు, డేటా సేకరణ వద్దు. 2025 జనవరిలో ఖాయమైన మూడో సవరణ అదే మాటను ఇంకా ముందుకు తెచ్చి, నాణ్యతను డిజైన్‌లోనే నాటాలంటోంది. ఆడిట్‌కు వచ్చినవాళ్లు సైట్ ట్రైనింగ్ లాగ్ అడుగుతారు. ఈ షెడ్యూలు ఒక మనిషి, ఒక సెంట్రిఫ్యూజ్‌తో సాధ్యమేనని ఎవరు, ఎప్పుడు పరీక్షించారని స్పాన్సర్‌ను అడగడం నేనింతవరకు వినలేదు.

పరీక్షించడం బ్రహ్మవిద్యేమీ కాదు. మాన్యువల్ ఖరారు కాకముందే ఒక సైట్‌కు వెళ్లి, ఖాళీ ట్యూబుల్లో నీళ్లు నింపి, గడియారం పట్టుకుని డే 1 మొత్తం చేసి చూడాలి. నీళ్లతో చేస్తే సిర దొరకని బాధ ఉండదు, అయినా ఎక్కడ గుద్దుకుంటుందో ఒక పూటలో తెలిసిపోతుంది. చేసేది కూడా స్పాన్సర్ ఆఫీసు మనిషి కాకూడదు, రోజూ రక్తం తీసే నర్సు చెయ్యాలి, షెడ్యూలు రాసినాయన పక్కన కుర్చీలో కూర్చోవాలి. సెంట్రిఫ్యూజ్ దగ్గర గడిపే గంటలకు సైట్ బడ్జెట్‌లో వేరే పద్దు ఉండాలి. చాలా బడ్జెట్లలో శాంపిల్ ప్రాసెసింగ్ అంటే కొరియర్‌కు పెట్టె అందించడమే అన్నట్టుంటుంది. డీవియేషన్ ఫారంలో దిద్దుబాటు గడిలో ఒక్క రీట్రైనింగ్ మాత్రమే రాస్తే సిస్టమ్ ఒప్పుకోకూడదు. పైన ఇంకో గడి పెట్టండి: ఆ సమయానికి ఆ గదిలో ఎంతమంది ఉన్నారు, ఎన్ని పనులు నడుస్తున్నాయి?

ఇలా నీళ్లతో చేసి చూడటం ఒక ట్రయల్‌లో నేను దగ్గరుండి చూశాను. మధ్యాహ్నానికల్లా పీకే ట్యూబు 30 నిమిషాల గడువు దగ్గర బండి ఆగింది. గదిలో ఉన్న నర్సు మామూలుగా అడిగింది: "ఈ ముప్పై నిమిషాలు ఎక్కణ్నుంచొచ్చాయి మేడమ్? అరగంట దాటితే మందు చెడిపోతుందా?" ఎవరికీ తెలీదు. రక్తంలో మందును కొలిచే బయోఎనలిటికల్ ల్యాబ్‌కు ఫోన్ చేశారు. వాళ్ల దగ్గర స్థిరత్వ పరీక్షల రిపోర్టు ఎప్పట్నుంచో ఉంది: ఆ మందు విడదియ్యని రక్తంలో, గది ఉష్ణోగ్రతలోనే, రెండు గంటలు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఐస్ అక్కర్లేదు, 4 డిగ్రీలు అక్కర్లేదు. అరగంట గడువు అంతకుముందు ఇంకో మందు మాన్యువల్ నుంచి కాపీ కొట్టినప్పుడు దాంతోపాటే వచ్చేసింది. ఆ పేజీ మార్చడానికి పదిహేను నిమిషాలు పట్టింది. ఆ మార్పుతో మూడు రకాల ట్యూబులూ గది ఉష్ణోగ్రతలోకి వచ్చాయి, ఒక్క సెంట్రిఫ్యూజ్ సరిపోయింది.